అనుమానమునకు రెండర్థములు: దూరదర్శనమున వ్యోమకేశ బక్షి కథలు



నేటి నా ప్రసంగము దూరదర్శనమున ప్రదర్శింపబడిన అపరాధ పరిశోధన కథలను గూర్చినది. ఈ మాట వినగానే మీలో కొందఱు చిఱునవ్వు నవ్వుదురని యెఱుగుదును. భారత భాగవతములు విన్న చెవులకు దొంగల కథలు, హంతకుల కథలు వినిపింపవలసిన యవసర మేమి వచ్చినదని యడుగువారును గలరు. పిల్లలు పాఠములు మాని పెట్టె ముందు గూర్చుండి చూచు వినోదమును గూర్చి, పాఠశాలలో జీవితము గడపినవాడు మాటలాడుట తగునా యనువారును గలరు. ఈ యాక్షేపణలకు నా సమాధాన మొక్కటియే. గ్రామమున గొఱ్ఱె తప్పిపోయినను, కల్లమున ధాన్యము తగ్గినను, రాత్రికి రాత్రి పొలముగట్టు జరిగినను, జనులు ముందుగా మీ యొద్దకే వచ్చి మొఱపెట్టుకొందురు. జరిగినదానిని మీరు కన్నులార చూచి యుండరు. కనబడు గుఱుతులను బట్టియు, వచ్చినవారి మాటలను బట్టియు, కనబడని దానిని నిర్ణయింపవలసి యుండును. కథలోని పరిశోధకుడు చేయు పనియు నదియే. అట్టి కథ మంచిదైనచో బుద్ధికి సానపెట్టును. చెడ్డదైనచో తొందరపాటును నేర్పును. కావున ఏది మంచిదో, ఏది చెడ్డదో విమర్శించుకొనుట మనకు వ్యర్థము కాదు.

విమర్శకు ముం దొక కొలత కావలెను. ఆ కొలత మన భాషలోనే యున్నది. మన వాడుకలో అనుమాన మనగా శంక. “వానిపై నాకు అనుమానముగా నున్నది” అందుము. తర్కశాస్త్రమున అనుమాన మనగా శంక కాదు. ప్రత్యక్షము వలెనే యదియు నొక ప్రమాణము, అనగా నిజమును దెలిపెడి సాధనము. ఒక్క మాటకు ఇంత యెడమైన రెండర్థము లుండుట వింతగా దోచును. మొదటి యనుమానము మనస్సులో బుట్టును. దానికి ఇష్టానిష్టములే చాలును. రెండవ యనుమానము హేతువునుండి పుట్టును. హేతువు లేనిచో నది నిలువదు. మంచి అపరాధ పరిశోధన కథ మొదటి యనుమానముతో నారంభించి రెండవ యనుమానముతో ముగియును. ఇదియే నా కొలత.

భువనగిరివారికి దీనిని వివరించుట సులభము. తార్కికులు తరతరములుగా చెప్పెడి యుదాహరణము కొండమీది పొగ. మన యూర ఏకశిలగా నిలిచిన కొండ యున్నది. దానిపై త్రిభువనమల్ల బిరుదాంకితుడైన పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆఱవ విక్రమాదిత్యుని కాలమున వెలసినదని చెప్పెడి కోట యున్నది. ఆ కొండ నెత్తమున పొగ లేచుట క్రిందినుండి చూచితి మనుకొందము. నిప్పు మనకు గనబడదు. అయినను నిప్పున్నదని చెప్పుదుము. ఎట్లన: కొండపై నిప్పున్నది, ఏలయనగా పొగ యున్నది, పొగ యున్నచోట నిప్పుండును, వంటయింట చూచినట్లు, ఈ కొండపైనను అట్టి పొగయే యున్నది, కావున నిప్పున్నది. ఈ యైదు మెట్లను ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అందురు. పొగకును నిప్పునకును గల విడువరాని సంబంధమును వ్యాప్తి యందురు.

ఇక చలికాలపు తెల్లవాఱుజామున అదే కొండపై మంచు క్రమ్ముకొనును. దూరమునుండి చూచువాడు దానిని పొగ యనుకొని నిప్పున్నదని కేకలు వేయవచ్చును. వాని వాదమున మెట్లన్నియు నున్నవి. ఉండవలసిన పొగ మాత్రము లేదు. ఇట్టి దోషమును హేత్వాభాస మందురు. హేతువు వలె గనబడునే కాని హేతువు కాదు. లోకమున జరిగెడి తప్పుడు నిందలలో పెక్కింటికి మూల మీ మంచే.

కొలత కుదిరినది గనుక కథలలోనికి బోవుదము. దొంగను బుద్ధిబలముతో పట్టుకొను కథలు మనకు క్రొత్తవి కావు. మర్యాదరామన్న తీర్పుల కథలు వినని తెలుగు బిడ్డ యుండడు. అయినను తీర్పరి గాక పరిశోధకుడే నాయకుడుగా నుండెడి కథల రీతి పశ్చిమమునుండి వచ్చినది. ఆంగ్ల రచయిత ఆర్థర్ కోనన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్సు అను పాత్రను లోకమునకు జూపెను. ఆ రీతి వంగదేశమున వేరూని యచ్చటినుండియు మనకు వచ్చెను. ఇరువదవ శతాబ్ది ప్రథమార్ధమున పాంచకడి దే అను వంగ రచయిత నవలలు తెలుగులోనికి దిగుమతి యయ్యెను. అటుపిమ్మట కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టించిన డిటెక్టివ్ యుగంధరును, అతని సహాయకుడు రాజును తెలుగు పాఠకుల యిండ్లలో చుట్టములవలె మెలగిరి. కావున వంగదేశపు పరిశోధకుడు తెలుగువానికి పరాయివాడు కాడు.

ఆ వంగ పరిశోధకులలో మిన్న వ్యోమకేశ బక్షి. వంగభాషలో బ్యోమకేశ్ అని పలుకుదురు. వ్యోమకేశుడనగా శివుడు. ఇతనిని సృష్టించినవాడు శరదిందు బంద్యోపాధ్యాయుడు. ఈతడు 1899లో జౌన్‌పూరున జన్మించి 1970లో స్వర్గస్థుడయ్యెను. 1932లో మొదలుపెట్టి వ్యోమకేశుని కథలు ముప్పదిరెండు పూర్తిగావించి, ముప్పదిమూడవదానిని ముగింపకుండ విడిచి పోయెను. ఈ వ్యోమకేశునకు డిటెక్టివ్ అను మాట రుచింపదు. తన్ను సత్యాన్వేషి యని చెప్పుకొనును. ఆ పేరులోనే గ్రంథకర్త యుద్దేశ మంతయు నున్నది. దొంగను పట్టుట తరువాతి మాట. సత్యమును వెదకుట మొదటి మాట.

ఈ కథలను బాసు చటర్జీ యను ప్రసిద్ధ దర్శకుడు హిందీలో ధారావాహికముగా దీసెను. 1993లో మొదటి విడత, 1997లో రెండవ విడత దూరదర్శనమున వచ్చినవి. 2020 మార్చి నెలలో వ్యాధిభయమున దేశమంతయు తలుపులు మూసికొని కూర్చున్నపుడు వీనిని మరల ప్రసారము చేసిరి. వ్యోమకేశుడుగా రజిత్ కపూర్, మిత్రుడు అజితుడుగా కె. కె. రైనా నటించిరి. ఈ రజిత్ కపూరే 1996లో మన హైదరాబాదు బిడ్డ శ్యామ్ బెనెగల్ తీసిన చిత్రమున గాంధీమహాత్ముని వేషము ధరించి జాతీయ బహుమానము నందెను. ఉర్దూ వినుచు పెరిగిన మన తెలంగాణపు పెద్దలకు ఇందలి సంభాషణలు కష్టము కావు. ఇందలి నాలుగు కథలను నా కొలతతో కొలిచి చూచెదను. కథల గుట్టు విప్పక విమర్శ సాగదు గనుక, ముందుగా చూడదలచినవారు చూచిన పిమ్మటనే తక్కినది చదువుకొందురు గాక.

మొదటిది ‘సత్యాన్వేషి’. కలకత్తాలో నొక పేటలో వరుసగా హత్యలు జరుగుచుండును. అచ్చటి యొక మెస్సులో అజితుడను యువరచయిత బస చేసి యుండును. మెస్సు నడుపువాడు అనుకూలబాబు. హోమియోపతి వైద్యుడు, మృదుభాషి, అందఱకును కావలసినవాడు. అతుల్ అను పేర నొక నిరుద్యోగి వచ్చి అజితుని గదిలో జేరును. కొన్నాళ్లకు మెస్సులోనే యొకడు గొంతు తెగి చచ్చిపడి యుండును. అందఱ శంకయు క్రొత్తగా వచ్చినవానిపై బడును. తుదకు తేలిన దేమనగా, ఆ క్రొత్తవాడే మాఱుపేరుతో వచ్చిన వ్యోమకేశుడు, హంతకుడు వైద్యుడు. మందుల మాటున కొకైను వ్యాపారము చేయుచు, గుట్టు దెలిసినవారిని దెగటార్చుచుండెను.

ఊరికి క్రొత్తగా వచ్చినవానిపై శంక వేయుట మానవస్వభావము. మన యూళ్లలోను బిచ్చగాడో, గాజులమ్మువాడో, సంచారజాతివారో వచ్చిన దినమున ఏదైన పోయినచో వేఱు విచారణ లేకయే వారిని పట్టుకొందురు. ఈ కథ యా యలవాటును చెంప కొట్టును. క్రొత్తదనము దోషమునకు హేతువు కాదు. పరిచయము నిర్దోషత్వమునకు హేతువు కాదు. దర్శకు డీ నీతిని నోటితో చెప్పింపడు. వైద్యుని చిఱునవ్వును మనచేతనే నమ్మించి, మనమే మోసపోవునట్లు చేయును. ఇది మెచ్చదగినది. అయినను తెరకు సహజమైన యొక చిక్కు దీనికి దప్పలేదు. పుస్తకమున అజితుడే కథ చెప్పును గనుక, అతుల్ అనువా డెవడో పాఠకునకు దెలియదు. తెరపై ముఖము కనబడును. ధారావాహికమునకు నాయకుడెవడో యెఱిగినవానికి ఆ మాఱుపేరు రెండు నిముసములైన నిలువదు. మొదటిసారి చూచినవారికి గలిగిన యాశ్చర్యము నేడు చూచువారికి గలుగదు. అయినను హంతకుని గుట్టు మాత్రము చెడలేదు.

రెండవది ‘రాస్తే కా కాంటా’, అనగా దారిలోని ముల్లు. కలకత్తా వీధులలో దారి దాటుచున్న ధనికులు హఠాత్తుగా కూలి చచ్చుచుందురు. గుండెలో గ్రామఫోను ముల్లు గ్రుచ్చుకొని యుండును. తుపాకి మ్రోత లేదు. దగ్గఱకు వచ్చినవాడు లేడు. జనులు దీనిని మాయ యనుకొందురు. ఒక పెద్దమనుష్యుడు మాత్రము ఱొమ్ముజేబులోని గడియారమునకు ముల్లు తగులుటచే బ్రదికి బయటపడును. ఆ గడియారమును చూచిన వ్యోమకేశుడు ముల్లు ఎంత బలముతో వచ్చెనో గ్రహించును. బలమున్నచో దానిని విసరు యంత్ర ముండవలెను. యంత్ర మున్నచో శబ్ద ముండవలెను. శబ్ద మెవరును వినలేదన్నచో, దానిని కప్పెడి మఱియొక శబ్ద ముండి తీరవలెను. వీధిలో నెల్లరును వినుచునే యుండి వినని యా శబ్దము సైకిలు గంట. గంటలోనే మరను అమర్చి హంతకుడు దానిని మ్రోగించుచు పోవుచుండెను. ఎదుటివాడు గంట విని యాగును, ముల్లు తగులును, సైకిలు సాగిపోవును.

ఇచ్చట తెర పుస్తకమును మించినదని నా యభిప్రాయము. పుస్తకమున గంట మ్రోగినదని వ్రాయవలెను. వ్రాసినంతనే జాణయైన పాఠకుడు చెవి నిక్కించును. తెరపై నట్లు కాదు. బండ్ల రొదలో, మనుష్యుల గోలలో గంటయు మ్రోగును. మన చెవి దానిని విని విడిచిపెట్టును. గుట్టు బయటపడినపుడు, “నేనును వింటినే” యని చూచువాడు నుదురు కొట్టుకొనును. ప్రేక్షకునకును పరిశోధకునకును గుఱుతు లొకటే యిచ్చుట యనగా నిదియే. మాయ యని జనులు చెప్పుకొన్నదానిలో మాయ లేదు. ఒక మర యున్నది, దానిని త్రిప్పిన చేయి యున్నది. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. మరల దీనితో మనకు బని గలదు.

మూడవది ‘మక్డీ కా రస్’, అనగా సాలెపురుగు రసము. నందదులాల్ బాబు అను ముసలివాడు మంచము పట్టి యుండియు, ఒకానొక విషపు సాలెపురుగు రసమునకు బానిసయై దినదినము దానిని సేవించుచుండును. ఇంటివారు రాత్రింబవళ్లు కావలి యుందురు. గది యంతయు వెదకుదురు. రస మెటనుండి వచ్చుచున్నదో తెలియదు. వ్యోమకేశుడు వేఱుపనిలో మునిగియుండి అజితుని బంపును. అజితుడు పోయి, చూచినదెల్ల చూచినట్లు వచ్చి చెప్పును. ముసలివాడు దినమంతయు కథలు వ్రాయుచుండును. వ్రాయుచు కలమును నోట బెట్టుకొనుచుండును. కదలకయే వ్యోమకేశుడు చెప్పును: రసము సిరాలో నున్నది.

నాలుగింటిలో ఇది నాకు మిక్కిలి ప్రియమైనది. ఏలయనగా ఇది సాక్షికి పాఠము. అజితుడు తనకు ముఖ్యముగా దోచినదానిని మాత్రమే చెప్పి, కలము సంగతి యల్పమని విడిచినచో గుట్టు బయటపడి యుండదు. సాక్షి పని చూచినది చెప్పుట. ఏది ముఖ్యమో తేల్చుట విచారించువాని పని. మన పంచాయతులలో జరిగెడిది పెక్కుమారులు దీనికి వ్యతిరేకము. సాక్షి వచ్చి తాను చూచినది చెప్పక, తాను తేల్చినది చెప్పును. “రాత్రి వాడు దొడ్డివైపు పోవుట చూచితిని” అనుటకును “వాడే దొంగిలించెను” అనుటకును ఎంత యంతరమో పెద్దలు గ్రహింపగలరు. ఈ కథలో విచారణ యంతయు కూర్చున్నచోటనే జరుగును గనుక, పరుగులు కోరు కుఱ్ఱవారికి కొంత విసుగు పుట్టవచ్చును. కాని యీ నిదానమే దీని యందము.

నాలుగవది వీలునామా కథ. కరాళీబాబు అను ధనికుడు మేనల్లుండ్రను, మేనకోడలిని ఇంట బెట్టుకొని పోషించుచు, కోపము వచ్చినపు డెల్ల వీలునామాను మార్చుచుండును. ఒకనాడు మెడవెనుక సూది గ్రుచ్చబడి చచ్చి యుండును. ఎముకల కూర్పు తెలిసినవాడే యా చోట సూది గ్రుచ్చగలడు. ఇంటిలో వైద్యవిద్య చదువుచున్న సుకుమారుడున్నాడు. సందేహపడదగిన వస్తువులును అతని యొద్ద దొరకును. పోలీసు లతనిని బంధింతురు. అతని చెల్లెలు సత్యవతి వచ్చి వ్యోమకేశుని శరణు వేడును. విచారింపగా హంతకుడు అందఱును జాలిపడెడి కుంటివాడు ఫణి యని తేలును. పిమ్మట వ్యోమకేశుడు ఈ సత్యవతినే వివాహమాడును.

పోలీసుల వాదమును కొలత పెట్టి చూడుడు. వైద్యము దెలిసినవాడు గనుక హంతకు డందురు. వైద్యము దెలిసినవారెల్ల హంతకులా? కారు. హేతువు ఉండవలసిన చోటను, ఉండరాని చోటను గూడ నున్నది గనుక ఇది వ్యభిచరించిన హేతువు. అతని యొద్ద వస్తువు దొరకినది గనుక హంతకు డందురు. ఒకని పెట్టెలో నింకొకడు వస్తువు నుంచరాదా? ఆ మాట తేల్చకముందే నిర్ణయము చేయుట, మంచును పొగ యనుట వంటిది. మన సంస్కృత నాటకములలో ఈ సంగతికి సాటి లేని యుదాహరణము శూద్రకుని మృచ్ఛకటికమున నున్నది. వసంతసేనను చంపెనని చారుదత్తునిపై నింద వచ్చును. న్యాయసభలో అతని మిత్రుడు మైత్రేయుడు కలహించుచుండగా, వాని యొద్దనుండి వసంతసేన నగలు క్రిందబడును. ఆ నగలు చూచి సభ యంతయు చారుదత్తుడే హంతకు డనుకొనును. అతనిని వధ్యస్థానమునకు గొనిపోవుదురు. నగలు అతనివైపున నుండుట నిజమే; హత్య యబద్ధము. వసంతసేన బ్రదికియే యున్నది. ఆమె సమయమునకు రానిచో నిర్దోషి తల తెగి యుండెడిది. కథలలో వసంతసేన సమయమునకు వచ్చును; లోకమున పెక్కుసారులు రాదు.

గుణములు చెప్పితిని; దోషములును జెప్పవలెను. ఈ ధారావాహికము తక్కువ వ్యయముతో తీసినదని తెలియుచునే యుండును. గదుల గోడలు కొన్నిచోట్ల రంగస్థలపు గోడలవలె గనబడును. కొన్ని కథలలో చివర వ్యోమకేశుడు కూర్చుండి యంతయు నేకధాటిగా వివరించును. గుఱుతులు నడుమ నడుమ పంచిపెట్టినచో బాగుండెడిది. పోలీసులను పదేపదే మందబుద్ధులుగా జూపుట పాశ్చాత్యులనుండి వచ్చిన పాతబడిన పద్ధతి. అయినను రజిత్ కపూర్ నటన వీనిని చాలవఱకు మఱపించును. అతడు కేకలు వేయడు, కనుబొమ్మ లెగురవేయడు. ఎదుటివాడు మాటలాడుచుండగా వినును. వినుటను నటించి చూపుట కష్టము. అది యతనికి జక్కగా నబ్బినది.

దీనికి సాటిగా సీమలో బి.బి.సి. వారు 2010 నుండి ప్రసారము చేసిన ‘షెర్లాక్’ను గూర్చి రెండు మాటలు చెప్పెదను. మన మనుమలు, మనుమరాండ్రు చేతిఫోనులలో చూచునది యిదియే. బాసు చటర్జీ వ్యోమకేశుని పూర్వకాలపు కలకత్తాలోనే, ధోవతితోనే యుంచెను. వీరు హోమ్సును నేటి లండనునకు దెచ్చి చేతికి ఫోను నిచ్చిరి. డాయిల్ కథలో వాట్సనుని జేబుగడియారమునకు చావి పెట్టెడి రంధ్రము చుట్టును గీతలుండుట చూచి, దాని పూర్వపు యజమానుడైన యన్న త్రాగుబోతని హోమ్సు చెప్పును. తాగినవాని చేయి వణకి చావి ప్రక్కలకు గీచుకొనునని హేతువు. క్రొత్త ధారావాహికము మొదటి భాగమున గడియారము పోయి ఫోను వచ్చినది. విద్యుత్తు ఎక్కించు తీగ గ్రుచ్చెడి రంధ్రము చుట్టును గీతలున్నవి. షెర్లాక్ అదే నిర్ణయము చేయును. అన్ని మాటలును సరిపోవును, ఒక్కటి తప్ప: ఫోను అన్నది కాదు, అక్కది. దానిపై నున్న హ్యారీ యను పేరు హ్యారియెట్టు అను పేరునకు కుఱుచ. అంత బుద్ధిశాలియు హేతువు లేని చోట నొక మాట యూహించి తప్పినాడు. పాత కథను చెడగొట్టక, అనుమానమునకు గల హద్దును ఇంత సొగసుగా జూపిన యీ మార్పు మెచ్చదగినది.

కాని యా ధారావాహికమున వేగము మితిమీఱినది. గుఱుతులు అక్షరములై తెరపై మెఱసి మాయమగును. చూచువానికి ఆలోచించుటకు దెఱపి యుండదు. నోరు తెఱచి యాశ్చర్యపడుటకే తెఱపి యుండును. ఆశ్చర్యము వేఱు, జ్ఞానము వేఱు. డాయిల్ 1892లో వ్రాసిన యొక కథలో గుఱ్ఱమును దొంగిలించిన రాత్రి సాలలోని కుక్క మొఱుగలేదు. మొఱుగకపోవుటయే గుఱుతని హోమ్సు చెప్పును. వచ్చినవాడు కుక్క యెఱిగినవాడే కావలెను. లేకపోవుట గూడ నొక ప్రమాణమని మన మీమాంసకులు అనుపలబ్ధి యను పేర ఏనాడో చెప్పియున్నారు. మొఱుగని కుక్క వేగముగా తిరుగు తెరపై వినబడదు. నిదానము గలచోటనే వినబడును.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. అనుమానపు రెండర్థముల నడుమ తేడా కథలతో పోవునది కాదు. మన తెలంగాణపు పల్లెలలో బాణామతి, చేతబడి యను శంకతో మనుష్యులను కొట్టిన వార్తలు, చంపిన వార్తలు పత్రికలలో పలుమాఱులు చదివియున్నాము. బిడ్డకు జబ్బు చేయును. పాడి బఱ్ఱె పాలు విడుచును. ఎవరో యొక ముసలమ్మ యింటిముందునుండి పోయినదని జ్ఞాపకము వచ్చును. పోయినది, జబ్బు చేసినది. కావున ఆమెయే చేసినది. హేతువేది? ఆమె పోయిన యిండ్లలో నెల్ల జబ్బులు వచ్చినవా? ఆమె పోని యిండ్లలో జబ్బులు రాలేదా? ఈ రెండు ప్రశ్నలకే యా వాదము కూలిపోవును. ఇక్కడ పొగయు లేదు, నిప్పును లేదు. మంచు మాత్ర మున్నది. గ్రామఫోను ముల్లును కలకత్తా జనులు మాయ యనుకొన్నట్లే, నీటిలోని సూక్ష్మక్రిమిని మనవారు మంత్ర మనుకొందురు. కథలో నొక వ్యోమకేశుడు వచ్చెను. గ్రామమున ఆ పని చేయవలసినవారు మీరు.

చట్టము గూడ నీ దారినే నడచుచున్నది. 1872 నాటి సాక్ష్య చట్టమునకు బదులుగా 2024 జులై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. ఒకడు నేరము చేసెనని చెప్పువాడే దానిని రుజువు చేయవలెనను నియమము రెండింటను నొకటే. పోలీసు అధికారి యెదుట నేరము నొప్పుకొన్న మాట నిందితునిపై సాక్ష్యముగా చెల్లదు. ఆ మాట మూలమున ఏదైన సంగతి బయటపడినచో ఆ మేరకే చెల్లును. కొట్టి యొప్పించిన మాటకు న్యాయస్థానమునందే విలువ లేనపుడు, రచ్చబండ యొద్ద చెట్టుకు గట్టి చెప్పించిన మాటకు విలువ యెట్లు వచ్చును?

కావున మీ యొద్దకు మొఱ వచ్చినపుడు నాలుగు ప్రశ్న లడుగుడు. చెప్పువాడు చూచినది చెప్పుచున్నాడా, తేల్చినది చెప్పుచున్నాడా? ఆ గుఱుతు నిజముగా నున్నదా, ఉన్నట్లు తోచుచున్నదా? ఆ గుఱుతు ఈ యొక్కనికే చెందునా, పదిమందికి చెందునా? ఉండవలసినదై లేని దేదైన గలదా? ఈ నాలుగింటికి జవాబు దొరకువఱకు ఎవని పేరును పైకి రానీయకుడు. నింద యొకసారి బయటికి వచ్చినచో, నిజము తేలిన పిమ్మటను దానిని వెనుకకు దీసికొనుట యెవరి తరమును గాదు.

ఈ ధారావాహికమును ఇంటిల్లిపాదియు గూడి చూడవచ్చును. పిల్లలను వలదని కసరుటకంటె వారితో గూర్చుండుట మేలు. కథ ముగియబోవు ముందు పెట్టెను నిలిపి, “ఎవడు చేసెను?” అని యడుగుడు. జవాబు చెప్పగానే మెచ్చుకొనక, “ఏలయనగా?” అని మరల నడుగుడు. మొదటి ప్రశ్నకు జవాబు ఊహతో చెప్పవచ్చును. రెండవదానికి హేతువు కావలెను. ఆ రెండవ ప్రశ్న వేయుట మన యిండ్లలో నలవాటైనచో, రేపు ఆ పిల్లలే మీ స్థానమున గూర్చుండునపుడు ఒక నిర్దోషి తల నిలుచును. ఇంతటితో నా ప్రసంగము ముగించి సెలవు గైకొనుచున్నాను.